తువ్వాల చెప్పిన పాఠం

సోమవారం జగిత్యాల, బుధవారం కోరుట్ల, శనివారం సిరిసిల్ల. పసిపిల్లల డాక్టరు జలపతి పదేళ్లుగా ఇదే తిరుగుడు తిరుగుతున్నాడు. ఎక్కడికి పోయినా మంత్రసానులను ముందు కూర్చోబెట్టుకుని, పుట్టగానే ఏడవని పిల్లను ఎట్లా బతికించాలో చెప్పేవాడు. చెప్పడమంటే ఆయనకు అన్నం కన్నా ఇష్టం.

కానీ ఎంతమందికని చెబుతాడు? పాఠాన్ని కరపత్రాలుగా అచ్చు వేయించాడు. అవి నక్సలైట్ అన్నల కాలం. సంచిలో కరపత్రాలు కనబడగానే పోలీసులు బస్సు దించి, పూటంతా ఠాణాలో కూర్చోబెట్టారు. అందులో పసిపిల్ల ముక్కు తుడవడం తప్ప ఏ విప్లవమూ లేదని తేలినా, కాగితాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

సంగతి విని సిరిసిల్ల నేతకారుడు నర్సింగం నవ్వాడు. "కాయితాలెందుకు సారూ? మా మగ్గం కాడ గూసోని చెప్పుండ్రి. తువ్వాలల నేసిస్త."

నర్సింగం మగ్గం దగ్గర ఎవరేం మాట్లాడినా నూలులో పడి నేతలో కలిసిపోయేది. గుడ్డ విప్పి దులిపితే ఆ మాటలు పైకి వినబడేవి. ఆయన భార్య రాజవ్వ తిట్లు పడిన దుప్పట్లను కోరుట్ల అంగడిలో ఎవరూ కొనక, చివరికి ఇంట్లోవాళ్లే కప్పుకోవాల్సి వచ్చింది. ఇంత మంచి ఉపాయం తనకెందుకు తట్టలేదా అని జలపతి నాలుక కరుచుకున్నాడు. ఆ శనివారం నుంచి మగ్గం పక్కన కూర్చుని, గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. మధ్యమధ్యన రాజవ్వ కేకలూ కలిశాయి. ఏం చేస్తాం, నేశాక తీయలేం. తువ్వాలలు బుగ్గారం, కొడిమ్యాల, రుద్రంగి ఊళ్ల మంత్రసానుల చేతికి చేరాయి. వాటిని ఏ పోలీసూ ఆపలేదు.

ఒక బుధవారం పొద్దున్నే రుద్రంగి కూలి మల్లేశం సైకిల్ మీద రొప్పుతూ కోరుట్ల వచ్చాడు.

"నా పెండ్లాం బాలలక్ష్మికి ఎనిమిదో నెలలనే నొప్పులచ్చినయ్ సారూ. ముందటి ఇద్దరు ఏడ్వకుంటనే పాయె. దీన్నన్న దక్కించుండ్రి."

ఆ రోజు బంద్. బస్సు కాదు కదా, జీపు కూడా కదలదు. జలపతి కిరాయి సైకిల్ తీసుకుని వెంట తొక్కాడు. యాభై ఏళ్ల మనిషి, ఎత్తు వచ్చినచోట దిగి సైకిల్ తోస్తూ పరుగెత్తాడు. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి రుద్రంగిలో మల్లేశం గుడిసె ముందు వాలారు.

లోపలి నుంచి జలపతికి తన గొంతే వినబడింది.

"ఒళ్లు తుడువు. నోరు తుడిచినంక ముక్కు. వీపు రుద్దు. తలకిందులు చెయ్యకు. సన్నీళ్లు సల్లకు."

"రుద్దిన. ఏడుస్తలేదు," అంది మంత్రసాని సత్యవ్వ. నలభై ఏళ్లుగా ఏడవని పిల్లలను చాటలో పెట్టి, కళ్లు తుడుచుకుని పక్కకు జరిపిన మనిషి ఆమె.

"ఏడుస్తలేదని చాటల పెట్టకు. నోరూ ముక్కూ కలిపి నీ నోటితోని మూసి, బుగ్గల పట్టినంత గాలే ఊదు. మెల్లగ. మళ్ల ఊదు."

జలపతి తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఇప్పుడు తోసుకుపోతే ఆమె తడబడుతుంది. లోపలి ఊపిరులు లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

"సారూ, చాయ్ సల్లారుతున్నది!" అని తువ్వాల రాజవ్వ గొంతుతో అరిచింది.

పిల్ల కెవ్వుమంది.

మల్లేశం గోడకు ఆనుకుని బావురుమన్నాడు. జలపతికి ఎగిరి గంతేయాలనిపించింది. వేశాడు కూడా.

లోపల చూస్తే పిల్ల చాపమీద లేదు. బాలలక్ష్మి రొమ్ముల నడుమ, ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకుని ఉంది. ఇద్దరికీ కలిపి తువ్వాల చుట్టి ఉంది. జలపతి ఆ చిటికెడంత పాదాలు పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. జగిత్యాలలో బల్బుల పెట్టెలో పెట్టినా ఇంత చిన్న పిల్లల పాదాలు చల్లబడేవి.

"గిది నేను చెప్పలేదు గద, సత్యవ్వా?"

"చెప్పలే. తల్లి ఒంటిని మించిన వెచ్చన ఏడుంటది అనుకున్న. తప్పయితె తిట్టుండ్రి."

"తప్పా! శనివారం సిరిసిల్లకు రా. మగ్గం ముందర గీ ముచ్చట నువ్వే చెప్పాలె."

సత్యవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను జెప్తె ఎవలింటరు సారూ?"

"ముందుగాల నేనింట," అంటూ జలపతి ఆమె ఎదురుగా నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాడు. "ఎట్ల పండవెట్టినవ్, ఎట్ల సుట్టినవ్, మొదటికెల్లి చెప్పు."