ఎవరు గెలిచినట్టు?

స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి ఇన్నాళ్లకు కళ్లు తెరిచి మాట్లాడితే ఇంట్లోవాళ్లు ఎగిరి గంతెయ్యాలి కదా! చెల్లెలికి మాత్రం ఏమీ అనిపించలేదు. ఏడ్చి ఏడ్చి మొద్దుబారిపోయింది. అన్నయ్య ఆమెను చూశాడు, ఎదురుగా ఉన్న గోడనూ చూశాడు. రెండింటినీ ఒకేలా చూశాడు.

"ఆయన చెస్ కోచ్ అన్నారుగా, జ్ఞాపకం ఎంత ఉందో అందులోనే అడిగి చూద్దాం," అంది డాక్టరమ్మ. "నాకు ఆ ఆట ఒక్క ముక్క రాదు. తప్పొప్పులు మీరే చెప్పాలి."

చెల్లెలు మంచం పక్కన కూర్చుంది.

"గుర్రం ఎలా నడుస్తుంది?"

"రెండు గడులు తిన్నగా, ఒకటి పక్కకి. అడ్డం ఏమున్నా దూకేస్తుంది."

"బంటు చివరి గడికి చేరితే?"

"మంత్రిని చేసుకోవచ్చు."

"ఆట మొదట్లో ఏం చెయ్యాలి?"

"నడిమి గడులు పట్టాలి. గుర్రాల్ని బయటికి తేవాలి. తొందరపడి మంత్రిని తిప్పకూడదు."

గడగడా చెప్పేస్తున్నాడు! డాక్టరమ్మ మొహం చాటంత అయింది.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. దానికి లోకమంతటా ఒక జవాబు, వాళ్లింట్లో ఇంకొకటి. చిన్నప్పుడు తన రాజు ఇరుక్కుపోయిన ప్రతిసారీ చెల్లెలు రాగం తీసేది. ఆ గోల పడలేక అన్నయ్య ఇంటికో చట్టం చేశాడు: చెక్ లేకుండా ఆట ఇరుక్కుపోతే ఏడుపుగొట్టు గెలిచినట్టు. కోచ్ అయ్యాక ఊళ్లో పిల్లలందరికీ అసలు రూలు నేర్పాడు గానీ, ఇంట్లో మాత్రం చట్టం మార్చలేదు. ఇప్పుడు ఆ తప్పు జవాబొకటి చెబితే చాలు, తన అన్నయ్య తనకు దక్కినట్టే.

"రాజుకి చెక్ లేదు," అంది చెల్లెలు. "కానీ కదలడానికి గడి లేదు. వేరే పావులూ కదలవు. ఎవరు గెలిచినట్టు?"

అన్నయ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఎవరూ గెలవరు. డ్రా," అన్నాడు. తర్వాత ఓపిగ్గా అడిగాడు. "మీరు కొత్తగా నేర్చుకుంటున్నారాండీ? పర్లేదు, అందరూ ఇక్కడే తడబడతారు."

"రైటేనా?" అంది డాక్టరమ్మ.

"రైటేనండీ."

"అయితే ఒక్క తప్పూ లేదు! ఇంకేం కావాలమ్మా!"

చెల్లెలు తలూపింది.