పాదాలకు తగిలిన వేడి

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. నిజానికి ఆమె ఒక్కరికే వదిన. ప్యాకింగ్ బల్ల దగ్గర క్షణం నోరు మూతపడని ఆడపడుచుకు. ఆ మనిషి రోజుకు నూరుసార్లు "వదినా" అని కేకేస్తుంటే, హాజరు వేసే గుమాస్తా కూడా అసలు పేరు మరిచిపోయాడు.

వదిన పని చూసేవాళ్ళకు ఆటలాగే ఉండేది. తయారైన వీడియోగేముల ఆటపెట్టెకు కంట్రోలర్ తగిలించి తెరమీద బొమ్మను గెంతించడం. బటన్ నొక్కడానికీ బొమ్మ గెంతడానికీ మధ్య వెంట్రుకవాసి ఆలస్యమున్నా ఆమె వేళ్ళు పట్టేసేవి. పరీక్షించే మిషను బాగుందన్న పెట్టెను ఆమె పక్కన పెడితే, విప్పి చూసినవాళ్ళకు లోపల ఎక్కడో ఒక తీగ వదులుగా కనపడేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

ఆర్నెల్ల కిందట ఒకరోజు పొయ్యిమీది మూత ఉత్తచేత్తో తీసింది. బొబ్బ చూసుకున్నాక గానీ కాలిందని తెలియలేదు. వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. ఇంట్లో చెప్పలేదు, పనిలో అసలే చెప్పలేదు. అప్పట్నుంచీ మిషను బాగుందన్నదాన్ని బాగుందంటోంది, కాదన్నదాన్ని కాదంటోంది.

అంతలో పెద్దాఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. ఇకమీద ఇళ్ళలో ఆటపెట్టె అక్కర్లేదట. ఆట ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్లలో నడుస్తుంది, బొమ్మ మాత్రం ఇంటర్నెట్‌లో ఇంటికొస్తుంది. టీవీ వెనక బొటనవేలంత పరికరం తగిలిస్తే సరి.

ఆడపడుచు లేచి నిలబడింది. "నొక్కిన నొక్కు అంత దూరం పోయి రావాలి కదండీ. ఆలస్యం కాదూ?"

"మనిషికి తెలిసేంత కాదమ్మా."

"మీకు తెలియదేమో. మా వదిన వేలికి తెలుస్తుంది. ఆవిడ పట్టలేకపోతే మేమే ఫ్యాక్టరీ తాళాలు తెచ్చి మీ చేతిలో పెడతాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు నవ్వాడు. "సరే, ఆవిడ చేతే ఆడిద్దాం. ఆవిడ తేల్చింది నా రిపోర్టులో మొదటి పేజీలోనే రాస్తాను."

వదిన ఆడపడుచును వరండాలోకి లాక్కుపోయింది. "నన్నడక్కుండా ఎందుకే ఈ గొడవ నా నెత్తిన పెట్టావు?"

"నీకేం వదినా! నువ్వు బొమ్మను గెంతించు చాలు, అరిచే పని నాది."

"అది కాదే, నా వేళ్ళు..."

"ఆ వేళ్ళ మీదే నూట నలభై మంది తిండి ఆధారపడి ఉంది. ఇప్పుడు బెదిరిపోకు!"

వదిన మాట పూర్తిచేసేలోగానే ఆడపడుచు లోపలికి వెళ్ళిపోయింది.

దుమ్ము పడకూడదని పెట్టెలను పరీక్షించే గదిలోకి అందరూ చెప్పులు విడిచే వెళ్ళేవారు. వదినా విడిచింది. బల్లకు నేలదాకా గుడ్డ కప్పారు. దాని కింద ఒకపక్క ఆటపెట్టె, ఒకపక్క ఆ చిన్న పరికరం. పెట్టెలోని ఫ్యాను చప్పుడు వినపడకుండా ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. మొత్తం పన్నెండు ఆటలు. ఏది దేనిమీద నడిచిందో చెప్పాలి. అద్దం అవతల జనం ముక్కులు ఆనించి నిలబడ్డారు.

మొదటి ఆట. దూది నొక్కినట్టుంది. ఏమీ తెలియలేదు. "పెట్టె" అంది. తప్పు.

రెండో ఆటలో కుడి పాదానికి గుడ్డ సందులోంచి వెచ్చగా ఏదో తగిలింది. ఆ గాలి ఆమెకు బాగా తెలుసు. ఆట నడుస్తుంటే పెట్టె వెనకనుంచి వదిలే ఊపిరి.

"ఇది పెట్టె."

ఒప్పు. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. కళ్ళకు కనపడకుండా, చెవులకు వినపడకుండా చూసిన ఇంజనీరుకు కాళ్ళ సంగతి తట్టలేదు.

పన్నెండుకు పదకొండు. అవతల ఈలలు. ఇంజనీరు లేచి నిలబడి, "ఇన్ని ఊళ్ళు తిరిగాను, పట్టుకున్నది మీరొక్కరేనమ్మా" అన్నాడు. నిజం చెబుదామని వదిన నోరు తెరిచింది. అద్దానికి అతుక్కున్న మొహాలు చూసి మూసేసింది.

తొమ్మిదో రోజున సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకొచ్చి తలెత్తకుండా చదివాడు. "మామూలు ఆటగాళ్ళు రెండు వందల మందిలో ఒక్కరూ తేడా గుర్తించలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవమున్న ఒకే ఒక్క ఉద్యోగిని గుర్తించింది. కొనేవారిలో అలాంటివారు ఉండరు గనుక పెట్టెల తయారీని నెలాఖరుతో ఆపివేయవచ్చు."

మాటిచ్చినట్టే ఇంజనీరు మొదటి పేజీలోనే రాశాడు.

క్యాంటీన్లో ఆడపడుచు కసిగా రెండు స్టీలు గ్లాసుల్లో మరుగుతున్న టీ పోసింది. "గెలిచినా మూసేస్తారా! వాళ్ళ కంప్యూటర్లు తగలడ! నువ్వు తాగు వదినా. నీ వేళ్ళని ఓడించే మిషను ఇంకా పుట్టలేదు."

తన గ్లాసుకు చేతిరుమాలు చుట్టుకుని ఊదుకుంటూ ఇంకేదో తిట్టబోయి ఆగిపోయింది. వదిన తన గ్లాసును రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కిటికీలోంచి లారీకెక్కుతున్న పెట్టెలను చూస్తోంది.

"వదినా, కాలట్లేదూ?"

వదిన చేతుల వైపు చూసుకుంది. వేళ్ళు ఎర్రబడుతున్నాయి.

"కాలుతోందా?" అని అడిగింది.

ఆడపడుచు గ్లాసు లాగేసింది. "ఎప్పట్నుంచి?"

"ఆర్నెల్లయింది."

"మరి ఆ పదకొండు?"

వదిన బల్లకింద చెప్పులోంచి కుడి పాదం బయటికి తీసి చూపించింది.