సామాన్ల గదిలో సర్వర్

"నా ఫ్యానుండల్లనా, నీ డబ్బా ఉండల్లనా? నేనడిగేది అంతే గదా మాదేవీ," అంది సావిత్రమ్మ. కరెంటు పోయినా, ఇన్వర్టర్ మీద ఆమె నెత్తిన ఫ్యాను చల్లగా తిరుగుతూనే ఉంది.

మాట అప్పటికే చాలా దూరం వచ్చేసింది. మిద్దె మీద బట్టలు ఆరేసి కిందికి దిగిన మహాదేవికి సామాన్ల గదిలో కంప్యూటరు పచ్చ లైటు కనబడలేదు. ప్లగ్గు పీకి, వైరు జొన్నల డబ్బా మీద పడేసి ఉంది. పీకింది మొగుడు రామాంజి, పీకమన్నది అత్త సావిత్రమ్మ. అందులో దాపరికమేమీ లేదు, ఇద్దరూ ఒప్పుకున్నారు. తప్పు చేశామన్న సంగతి ఒప్పుకోవడం లేదంతే.

"అట్ల పీకితే లోపల రాసుకున్నెదంతా చెడిపోతాది. నన్ను పిల్సింటే నేనే వచ్చి ఆపుంటి గదా," అంది మహాదేవి.

"మిద్దెక్కి ఎవరు పిలస్తారబ్బా?" రామాంజి ఫోనులోంచి తల ఎత్తలేదు. "కరెంటు రాంగనే మళ్ళా పెడ్తా. ఆ గుజిరీ డబ్బాకు ఇంత రగడా? పొద్దున్నుంచి తమ్ముడు హరి వస్తాండాడని ఇంట్లో పనుంటే, నువ్వు దాని సుట్టే తిరుగుతాండావు."

"రొట్టెలు నేనే చేసినా. పప్పు నేనే చేసినా. బట్టలు నేనే ఉతికినా."

"సేసినావులే. ఎవరు కాదన్న్యారు?" అంది సావిత్రమ్మ. "కన్నడపోళ్ళ పిల్లకు పట్టు ఎక్కువని మీ మామ అప్పుడే అన్న్యాడు."

మహాదేవి గదిలోకి పోయి ప్లగ్గు మళ్ళీ పెట్టింది. ఫ్యాను గొణగలేదు, ఇన్వర్టర్ కూలిపోలేదు. ఆ డబ్బా ఫ్యాను కంటే పెద్దగా కరెంటు తినదని ఆమె ఇదివరకే చెప్పింది. కానీ ఆ ఇంట్లో కరెంటు లెక్క ఆడవాళ్ళు చెప్తే ఎవరూ నమ్మరు. జొన్నల డబ్బాకూ పాత కుక్కరుకూ మధ్య, గోనెసంచి మడిచి దాని మీద పెట్టిన ఆ కంప్యూటరు గుర్రుమని లేచింది. పచ్చ లైటు వెలిగింది. లాప్‌టాప్ తెరిచి చూసుకుంది. రాసిపెట్టుకున్నదంతా భద్రంగానే ఉంది. బతికి బయటపడిన బిడ్డను చూసినట్టు చూసి, తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ వంటింట్లోకి వచ్చింది.

ఆ డబ్బా రామాంజి ఎరువుల కొట్లో బిల్లులు కొట్టి కొట్టి అరిగిపోయిన కంప్యూటరు. పాత సామాను కొనే గుజిరీకి వేస్తుంటే ఆమె అడ్డుపడి తెచ్చుకుంది. బళ్ళారిలో ఎంసీఏ చదివి, బెంగళూరులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళితో ఎమ్మిగనూరు వచ్చిన మనిషి మహాదేవి. కూతురు గౌరి పుట్టాక ఉద్యోగం అన్న మాట ఇంట్లో వినబడటం మానేసింది. కానీ పని మానలేదు. మరిది హరికృష్ణ ఆదోనిలో చిన్న ఆఫీసు పెట్టి వెబ్‌సైట్లు చేయించడం మొదలుపెట్టిన రోజు నుంచి, "వదినా, కొంచెం చూడు" అన్న మాటతోనే ఆమెకు తెల్లవారేది. ఆ కొంచెంలో రాత్రికి రాత్రే ఆగిపోయిన సైట్లు ఉండేవి, ఎవరో రాసి వదిలేసి పోయిన ప్రోగ్రాములు ఉండేవి, పండగపూట పిండి చేతులతో ఫోను చెవికి నొక్కిపెట్టుకుని చెప్పిన పరిష్కారాలు ఉండేవి. ఎవరు చేశారని అడిగితే హరికృష్ణ "మా వాళ్ళు చూసుకుంటారు" అనేవాడు. ఆ మా వాళ్ళలో తను ఒక్కతే ఉందని ఆమెకు తెలుసు. "ఇంట్లో కూర్సోని సేసే పనే గదా, మనోడే గదా," అనేవాడు రామాంజి. కూర్చుని చేసే పని ఆమె ఎప్పుడూ నిలబడే చేసింది, పొయ్యి పక్కన గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని.

ఈసారి పత్తి కాలానికి హరికృష్ణకు పెద్ద పనే దొరికింది. ఆదోనికి పత్తి తెచ్చే రైతులు రోజుల తరబడి బండ్లు పెట్టుకుని పడిగాపులు పడకుండా, ముందే ఫోనులో పేరూ ఊరూ రాసి, తమ వంతుకు టోకెన్ తీసుకునే సైటు అది. బాగానే నడుస్తోందన్నారు అందరూ. ఫిర్యాదు ఒక్కటీ లేదు. కానీ కౌతాళం, హొళగుంద వైపు నుంచి టోకెన్లు దాదాపు రావడం లేదు.

"ఆ సైడోళ్ళకు ఫోను వాడేది రాదు వదినా," అన్నాడు హరికృష్ణ ఒకరోజు ఇంటికొచ్చి, ఆమె చేసిన టీ తాగుతూ. "మన సైట్‌లో ఏం తప్పు ల్యా. ఏమన్నా ఉంటే అరుస్తారు గదా?"

ఆ సైడోళ్ళలో ఆమె నాన్న లక్ష్మప్ప ఉన్నాడు. హొళగుంద దగ్గర ఎర్రనేలలో ప్రతి ఏడూ పత్తి పెట్టే మనిషి. ఫోనులో వానకబురు చూసుకుంటాడు, మందుల పేర్లు వెతుక్కుంటాడు, మనవరాలి ఫోటోకు పువ్వుల బొమ్మలు పంపుతాడు. అరవడం మాత్రం ఆయనకు రాదు. పని కాకపోతే, నాకే చేతకాలేదేమో అనుకుని ఫోను జేబులో పెట్టుకునే రకం.

మహాదేవి ఆ సైటు ప్రోగ్రాము తెరిచి చూసింది. అందులో ఒకచోట ఆగిపోయింది. అక్కడ ఎవరో రాసిన వరుసలకు అర్థం ఇది: ఏదైనా తప్పు జరిగితే పట్టుకో, పట్టుకుని ఏమీ చేయకు, "మళ్ళీ ప్రయత్నించండి" అని చూపించు. చదవగానే ఆమెకు నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఈ ఇంట్లో తనకెవరూ చెప్పకుండానే తనూ ఇదే రాసుకుంది. కూరలో ఉప్పు తక్కువైందని నలుగురిలో అంటే పట్టుకుంది, ఏమీ చేయలేదు. బెంగళూరు నుంచి మళ్ళీ పిలుపొస్తే, "పోయి ఏం సేస్తావు, పిల్లను ఎవరు సూస్తారు" అంటే పట్టుకుంది, ఏమీ చేయలేదు. పైకి మొహం మీద ఒక నవ్వు చూపించింది. లోపల కూలిపోయింది ఎక్కడో, ఎప్పుడో, ఎన్నిసార్లో, ఎవరి దగ్గరా ఆనవాలు లేదు. తన దగ్గర కూడా లేదు.

తప్పుల్ని పట్టి కుప్పపోసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని ఆమెకు తెలుసు. సైటులో ఏ పేజీ కూలినా, ప్రోగ్రాములో ఏ వరుస దగ్గర కూలింది, ఆ ముందు ఏం జరిగింది అన్నీ అవి రాసి పెడతాయి. ఒకే తప్పు ఎంతమందికి ఎదురైనా ఒక్క కుప్పలోనే వేస్తాయి. బయటి కంపెనీలు ఆ పని అద్దెకు చేసి పెడతాయి గానీ, రైతుల పేర్లూ ఫోను నంబర్లూ ఎక్కడో పరాయి దేశపు యంత్రంలోకి పోవడం ఆమెకు నచ్చలేదు. మన గడపలోనే పెట్టుకునే రకం కూడా ఒకటుంది, ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. దాన్ని ఎక్కించుకుంది.

ఎక్కించుకుంది అని ఒక్క మాటలో చెప్పడమే గానీ, ఆ పాత డబ్బా ఆమెను ముప్పుతిప్పలు పెట్టింది. మొదట దానికి జ్ఞాపకశక్తి చాలక, తప్పులు దాచుకునే భాగం లేచినట్టే లేచి పడిపోయేది. గౌరికి జడ వేస్తూ ఎందుకు పడుతోందో ఆలోచించింది. ఆదోని బజారులో పాత రకం మెమరీ ముక్క వెతికి తెచ్చుకుని, ఎవర్నీ అడక్కుండా మరమేకులు విప్పి తనే తొడిగింది. ఇంటి ఇంటర్నెట్‌కు స్థిరమైన చిరునామా ఉండదు గనుక, సైటు నుంచి కబురు ఇంటిదాకా రావడానికి వేరే దారి కట్టుకుంది. బ్యాంకు ఖాతాలూ ఆధార్ నంబర్లూ పొరపాటున కూడా అందులో పడకుండా ముందే చెరిపేసేటట్టు జల్లెడ పెట్టింది. అంతా అయ్యాక, పనిచేస్తోందో లేదో చూడటానికి తనే ఒక పేజీని కావాలని కూలగొట్టి, ఊపిరి బిగపట్టి తెర ముందు నిలబడింది. కుక్కరు కూత పెట్టింది. తెర మీద ఎర్రటి గీత ఒకటి పడింది, పక్కన ఆ పేజీ పేరుతో.

"వచ్చింది అత్తా!" అని అరిచేసింది.

"ఎవరొచ్చినారే?" సావిత్రమ్మ చేట పట్టుకునే లేచింది.

"తప్పు! తప్పొచ్చింది!"

"తప్పొస్తే అంత సంబరమేమే పిచ్చిదానా," అని ఆమె మళ్ళీ కూర్చుని బియ్యం చెరుక్కుంది. మహాదేవి మాత్రం ఆ పూటంతా నేల మీద నడవలేదు.

ఆ మర్నాడే, తప్పును మింగేసే ఆ వరుసల్ని మార్చి, టోకెన్ల సైటును దానికి కలిపింది. తప్పులు రావడం మొదలైంది. చిల్లరవి కొన్ని, పెద్ద కుప్ప ఒకటి. ఆ కుప్ప విప్పి చూసి గోడకు ఆనుకుంది. పేరు రాసేచోట కన్నడ అక్షరాలు పడితే టోకెన్ చీటీ పేజీ కూలిపోతోంది. ప్రోగ్రాము రాసినవాడు తెలుగు, ఇంగ్లీషు అక్షరాలనే పేర్లుగా గుర్తించేటట్టు రాశాడు. ఆదోనిలో కూర్చున్నవాడికి మూడో లిపి తోచలేదు. సరిహద్దు ఊళ్ళలో బడి చదువు కన్నడంలో అయినవాళ్ళు ఫోను కూడా కన్నడంలోనే పెట్టుకుంటారని హొళగుందలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళకు ఫోను వాడటం వచ్చు. ఈ సైటుకే వాళ్ళ పేరు చదవడం రాదు.

సరిచేయడం పెద్ద పని కాదు. చేసింది, పరీక్షించింది, సైటులో పెట్టింది. ఆ కుప్ప మళ్ళీ పెరగలేదు. రెండ్రోజులకు లక్ష్మప్ప ఫోను చేశాడు. కన్నడంలో ఆయన గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

"టోకెన్ వచ్చిందమ్మా. మన ఊళ్ళో అందరికీ వస్తాండాది. ఆదోనిలో ఎవరో సరిచేసినారంట. ఎవరో గానీ పుణ్యాత్ముడు."

ఎప్పటిలాగే "అవునా నాన్నా" అని ఊరుకోబోయింది. నోటిదాకా వచ్చిన ఆ మాటను ఈసారి మింగలేదు.

"నేనే నాన్నా. నేనే చేసినా."

ఆయన ఫోను పక్కకు పెట్టకుండానే, చుట్టూ ఉన్నవాళ్ళతో అంటుండటం వినబడింది: "నన్న మగళు! నా కూతురంటప్పా, నా కూతురే చేసింది!"

ఆ మాటే ఇప్పుడు రొట్టెల మీద గుడ్డ కప్పుతుంటే మహాదేవి చెవుల్లో ఉంది.

హరికృష్ణ మధ్యాహ్నానికి వచ్చాడు, మంచి హుషారు మీద. కరెంటు కూడా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ, సావిత్రమ్మ, గౌరి కింద కూర్చున్నారు. మహాదేవి వడ్డిస్తోంది.

"రేపు పొద్దున పత్తి మార్కెట్టోళ్ళు ఆఫీసుకు వస్తాండారు వదినా. ఆ తప్పులు పట్టేది సూడల్లంట. మా టీమ్ పెట్టింది అని చెప్పినా, ఫుల్ ఖుషీ. ఇంకో రెండు మార్కెట్ల పని కూడా మనకే వచ్చేటట్టు ఉండాది." రొట్టె తుంచి సెనిక్కాయల చట్నీలో అద్దుకున్నాడు. "దాన్ని సూసుకునేకి కిరణ్ అని హైదరాబాదు పిల్లోన్ని తీసుకుంటాండా. నువ్వు ఆ పాస్‌వర్డు ఇచ్చేయి, వానికి ఫోన్లో కొంచెం చెప్పు. అట్లనే రేపు వాళ్ళకు ఉగ్గాని, బజ్జి చేసి పంపు వదినా. నీ చేతి బొరుగుల ఉగ్గాని అంటే వాళ్ళు పడి సస్తారు."

"పొద్దున బస్సులో నేను పంపిస్తాలే," అన్నాడు రామాంజి.

"పీడ పోయింది," అంది సావిత్రమ్మ. "ఆ డబ్బా కూడా ఆ పిల్లోనికే ఇచ్చేయండి."

గౌరి తల్లి మొహం చూసింది.

మహాదేవి పప్పు గిన్నె కింద పెట్టింది. ఇంకో కంచం తెచ్చుకుంది. వాళ్ళు తింటుండగా తనూ వాళ్ళతో కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసింది కాదు. గౌరి పక్కకు జరిగి చోటిచ్చింది. రొట్టె వేసుకుని, నెమ్మదిగా తుంచి, ఒక ముద్ద తిన్నాక చెప్పింది. గొంతు పెంచలేదు, ఉప్పందించమన్నట్టుగానే చెప్పింది.

"టీమ్ కాదు హరీ, అది పెట్టింది నేనే. రేపు వాళ్ళకు నేనే సూపిస్తా. ఆఫీసులో కిరణ్‌కు వేసే కుర్చీ నాకే వెయ్యి. వానికి ఇచ్చే జీతమూ నాకే. పేరు కూడా నా పేరే సెప్పల్ల. కాదంటావా, డబ్బా నాది, పాస్‌వర్డు నాది, నేను ఇంకో యాడన్నా పెట్టుకుంటా."

హరికృష్ణ చేతిలో రొట్టె చట్నీలోనే ఉండిపోయింది. "అది గాదు వదినా... నువ్వు రోజూ ఆదోనికి... అన్నా?" అని అన్న వైపు చూశాడు.

"ఆయప్పను ఎందుకు సూస్తావు? పనిచేసేది నేను గదా. నన్ను సూసి సెప్పు."

రామాంజి నోరు తెరిచి, ఆమె మొహం చూసి, నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. కొత్త పిల్లోడికి ఫోనులో చెప్తే వచ్చే పని కాదది అన్న సంగతి ఆ ఇంట్లో తెలిసినవాడు హరికృష్ణ ఒక్కడే.

"సరే వదినా," అన్నాడు చివరికి, చిన్నగా. "రేపు రా."

"వస్తా. పొద్దున బస్సుకే, డబ్బా ఒళ్ళో పెట్టుకోని వస్తా. ఆడ ఆఫీసులో మంచి జాగా సూడు, ఎవరూ ప్లగ్గు పీకని జాగా." మహాదేవి అత్త వైపు తిరిగింది. "ఇన్వర్టర్ ఇంక పూర్తిగా మీ ఫ్యానుకే అత్తా."

సావిత్రమ్మ పైకి ఫ్యాను చూసింది, కొడుకును చూసింది, కోడలిని చూసింది.

"మరి పొద్దున ఉగ్గాని ఎవరు సేస్తారే?"

"బొరుగులు పై అరలో ఉండాయి అత్తా," అంది మహాదేవి, ఇంకో రొట్టె వేసుకుంటూ.