సామాన్ల గది తలుపు

కువైట్‌లోని మిష్రిఫ్‌లో హెస్సా తన విల్లా అమ్మకానికి పెట్టినప్పటి నుంచి, చూడవచ్చేవాళ్లకి ఇల్లు తిప్పి చూపించే పని మస్తాన్ వలిదే. అతనిది రాయచోటి. పదకొండేళ్లుగా ఇళ్ల దళారీ ఒకాయన దగ్గర పనిచేస్తున్నాడు. హెస్సా భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. బేరానికి వచ్చినవాళ్లని ఏ గదిలోనూ వదిలి పోవద్దని, తాను ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ చెప్పొద్దని మొదటిరోజే అతని దగ్గర మాట తీసుకుంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. దళారీ సౌదీకి పారిపోయాడు. ఐదోరోజు పొద్దున, తాళాలు తిరిగి ఇచ్చేద్దామని వలి విల్లాకి వెళ్లాడు. అతను హెస్సాతో మాట్లాడుతుండగానే గేటు ముందు జీపు ఆగింది. పనిమనిషి మునిలక్ష్మి హెస్సాని సామాన్ల గదిలోకి లాక్కుపోయి లోపల గడియ పెట్టింది.

వచ్చింది ఒక అధికారి, ఇద్దరు సిపాయిలు. ఇంటివాళ్లెక్కడని అడిగారు. ఇల్లు అమ్మకానికి పెట్టి దేశం దాటిపోయారని, తాను దళారీ మనిషినని వలి చెప్పాడు.

"అయితే చూపించు. నేనే కొంటా," అన్నాడు అధికారి.

వలి ఒక్కో గదీ చూపించాడు. వెనకాలే సిపాయిలు అద్దాలు పగలగొడుతూ, బీరువాలు తన్ని తెరుస్తూ వచ్చారు. సామాన్ల గది దగ్గర తాళంచెవి అడిగారు. ఇంటావిడ పట్టుకుపోయిందన్నాడు. తుపాకీ మడమతో నోటి మీద కొట్టారు. రెండు పళ్లు రాలాయి. చెయ్యి గడప మీద పెట్టించి బూటుకాలితో తొక్కారు. వేళ్లు విరిగాయి. అయినా అదే మాట చెప్పాడు.

విసుగెత్తి ఒక సిపాయి తలుపులోకి మూడు గుళ్లు పేల్చాడు. లోపల్నుంచి మూలుగు కూడా రాలేదు. ఎవరూ లేరనుకుని టీవీ, తివాచీలు జీపులో వేసుకుని వెళ్లిపోయారు.

హెస్సా తలుపు తీసింది. ఆమెకి దెబ్బేమీ తగల్లేదు. ఆమెకి అడ్డంగా కూర్చున్న మునిలక్ష్మి కడుపులోంచి నెత్తురు కారుతోంది. అరుపు రాకుండా తలగుడ్డ నోట్లో కుక్కుకుంది. దాన్ని తీసి, "పోయినారా అన్నా?" అంది.

"పోయినారమ్మా."

ఆసుపత్రికి చేరేలోపే ఆమె ప్రాణం పోయింది.

రెండు నెలలకి వలి అమ్మాన్ మీదుగా ఇండియా చేరాడు. ముందుగా మునిలక్ష్మి అక్క వెంకటేశ్వరి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాడు.

"తలుపు తీయించుంటే మా చెల్లెలు బతికేదేమో కదన్నా?" అంది ఆమె.

"బతికేదేమోమ్మా," అన్నాడు వలి. "ఆ పొద్దు ఇద్దర్నీ కాపాడతాండాననే అనుకున్యా."

బస్సు వేళ దాకా వలి అరుగు మీదే కూర్చున్నాడు.