పోస్టర్లో లేని పేరు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. షొమోలులో ప్రింటింగు దుకాణం నడిపే కొలాపో ఆ చారెడు కళ్ళ మీదే బతుకుతున్నాడు. లాగోస్‌లో మనిషి పోయాడంటే గోడల నిండా అతని ఫొటో పడాలి. కింద చదువు, కొలువు, మిగిలిన భార్యాబిడ్డల పేర్లు వరసగా ఉండాలి. పేర్లెన్ని ఎక్కువైతే పోయినవాడికి అంత మర్యాద. అయిదు నెలల కిందట సియాన్బోలా పోయినప్పుడు అతని భార్య మొరేనికె ఆ మర్యాదకు లోటు రానివ్వలేదు. స్నేహితుడి పోస్టరని కొలాపో ఒక్క నైరా కూడా పుచ్చుకోలేదు. మొరేనికె అతని ఎదురుగా కూర్చుని ఏడుస్తూ అన్నీ చెప్పింది. ఇంగ్లండులోని లీడ్స్‌లో మొగుడి చదువు, అక్కడ అతన్ని కన్నకొడుకులా చూసిన కాల్డర్ మాస్టారు, గుండెలో రంధ్రమున్న కూతురు తివా, అన్నీ చెప్పింది. గోడకెక్కే మర్యాద ఇంకొకడి చేతిలో కత్తి అవుతుందని ఏడ్చే మనిషికి ఏం తెలుస్తుంది?

ఇప్పుడు తివాకు నాలుగు మెట్లెక్కితే పెదవులు నల్లబడుతున్నాయి. మద్రాసు ఆసుపత్రి వాళ్ళు ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఈరోజు నుంచి పదిరోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది. కారు అమ్మింది, స్థలం అమ్మింది, అయినా సగమే అయింది. మిగిలిన ఆశ కాల్డర్ మాస్టారు. తేదీ ఖాయమైతే నాకు రాయండి, పాపను నేను చూసుకుంటానని సియాన్బోలా బతికుండగా ఆయనే మాటిచ్చాడు. మొరేనికె రాసింది. మూడు రోజులు ఇంటర్నెట్ షాపు చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. ఈరోజు మధ్యాహ్నం జవాబు వచ్చిందని షాపువాడు కాగితాలు తీసి చేతిలో పెట్టాడు.

"అమ్మా, మీరెవరో నాకు తెలియదు. మొరేనికె పేరుతో నాకిది మూడో ఉత్తరం. మొదటిదానికి సియాన్బోలా శవాన్ని ఆసుపత్రి నుంచి విడిపించడానికని డబ్బు పంపాను. రెండోదానికి పాప ఆపరేషనుకని నా దగ్గరున్నదంతా పంపాను. తర్వాత ఆ ఉత్తరంలో చెప్పిన ఆసుపత్రికి ఫోన్ చేస్తే అలాంటి పాపే లేదన్నారు. నిజం మొరేనికె ఎక్కడైనా ఉంటే ఆమెను దేవుడే కాపాడాలి. ఇక రాయకండి."

ఆమె రాసింది ఒక్కటే ఉత్తరం. ముందు వచ్చిన రెండూ ఆయన కింద జతచేశాడు. ఎండలో నిలబడి చదివింది. రెండోదానిలో ఒక వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ చదివింది. "ఎనియోలాను పోగొట్టుకున్న ఈ తల్లి ఒడిలో మిగిలింది తివా ఒక్కతే."

ఎనియోలా ఆమె మొదటి బిడ్డ. తొమ్మిది రోజులే బతికాడు. ఆ పేరు కూడా పోస్టరులో వేయించబోయింది. అత్తగారు చదివించుకుని విని, "బతికున్నవాళ్ళ వరసలో పోయినవాణ్ణి కూర్చోబెడతావా తల్లీ? తీయించు," అంది. అచ్చుకు పోకముందే తీసేశారు. ఆ పేరు అక్కడ ఉండిందని తెలిసింది ముగ్గురికే. తను, అత్తగారు, టైపు చేసినవాడు.

కొలాపో దుకాణంలో అప్పుడే అచ్చయిన పోస్టర్లు తీగ మీద ఆరుతున్నాయి.

"రా వదినా, కూర్చో. మొహం అలా వాడిపోయిందేంటి? అకారా గారెలు తెప్పించనా?"

"నా ఎనియోలా నీకేం ద్రోహం చేశాడు కొలాపో?"

అతని చేతిలోని కత్తెర బల్ల మీద పడింది. కాగితాలు చూసి తల దించుకున్నాడు.

"నీకేం కాదనుకున్నా వదినా. పోయేది ఆ తెల్లోడి డబ్బేగా అనుకున్నా."

"అది నా బిడ్డ ప్రాణం! ఆ డబ్బేది?"

కొలాపో మూలనున్న కొత్త మిషను వైపు చూశాడు. "నా వాటాకి వచ్చింది అదే. అమ్మేస్తాలే. కానీ దాన్నమ్మినా విమానం టిక్కెట్లకి కూడా చాలదు."

"అయితే రాయి. మోసం చేసింది నేనే, ఈ మనిషి నిజమైందేనని ఆయనకి ఇప్పుడే రాయి."

"నీ కాళ్ళు పట్టుకుని రాస్తా. కానీ నమ్మడు. ఒకసారి మోసపోయినోడికి రెండోసారి పంపే ఉత్తరమే అది. తప్పు చేశాను, క్షమించండి, అసలు మనిషి ఫలానా అని రాయడం... మేం ఎప్పుడూ చేసేదే."

"ఫోన్ చేస్తా. నా గొంతు విననీ."

"విన్నాడొదినా," అన్నాడు నెమ్మదిగా. "నీలా ఫోన్లో ఏడవడానికి ఒక ఆడమనిషిని పెట్టాం."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మొరేనికె పట్టుకుంది, పట్టుకుని ఏం లాభం? తిట్టడానికే వచ్చింది. తిడితే ఆ డబ్బు తిరిగి రాదు. పదిరోజులు. ఇంట్లో తివా రెండు దిండ్లకు ఆనుకుని, కూర్చునే నిద్రపోతోంది. నోరు తెరిచి అడగడానికి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

తీగ మీద ఆరుతున్న పోస్టర్ల వైపు చూసింది. ఎవరో కస్టమ్స్ అధికారి, టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. కింద అతని భార్య పేరు, అయిదుగురు బిడ్డల పేర్లు. ఆమె ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది. తర్వాత స్టూలు లాక్కుని కంప్యూటరు పక్కన కూర్చుంది.

"రాయి."

"కాల్డర్‌కా?"

"కాదు. ఎవరికైనా సరే. డబ్బు పంపేవాళ్ళకి."

కొలాపో కంప్యూటరు ముందుకొచ్చాడు. మెల్లగా అడిగాడు. "ఎవరి పేరు మీదొదినా?"

మొరేనికె చెయ్యి చాచి పోస్టరులో ఆ భార్య పేరు మీద వేలు పెట్టింది. ఇంకా ఆరని సిరా వేలికంటింది.

"ఈమె పేరు మీద. నా పేరు మాత్రం వద్దు. దాన్ని ఎవరూ నమ్మరు."