బర్రె ఎన్నింటికి చచ్చింది

ప్రమీలమ్మ గుడ్డ ఎత్తేసరికి బర్రె భుజం మీద పచ్చటి బూజు అరచేతి వెడల్పున లేచి ఉంది. పొట్ట కింద నుంచి మురుగు నీళ్లు కారి ఇనుప బల్లంతా జిగటగా మారింది. పశువైద్య కాలేజీ పిల్లలకు కోసి చూపించాల్సిన బర్రె అది. కుళ్లకుండా ఫార్మలిన్ మందు ఎక్కించి ఇరవై రోజులు కూడా కాలేదు.

అనాటమీ డాక్టర్ ఆనంద్‌కుమార్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. "గుడ్డలు తడిపినవా?"

"పొద్దున, మాపటీలి, రెండు పూటలు మందునీళ్లతోని తడిపిన సార్."

"తడిపితే బూజు ఎందుకొస్తది? ఎల్లుండి ప్రాక్టికల్స్. ప్రిన్సిపాల్ నిన్ను తీసేయమంటున్నడు. తొమ్మిదేండ్ల సంది పనిచేస్తున్న మనిషివి, నేనేం చెప్పాలె?"

ఈ కొలువు పోతే ఆమెకు పగలు కూడా ఇల్లే మిగులుతుంది. ఇంట్లో మొగుడు జంగయ్య ఉంటాడు.

జంగయ్య అప్పుడు కూడా అక్కడే ఉన్నాడు, తలుపుకు ఆనుకుని. కాలేజీకి ముసలి బర్రెల్ని తెచ్చేది అతనే. ఇంకో బర్రె కావాలని డాక్టరే పిలిపించాడు.

"ఇంట్ల కూర గూడ మాడవెడ్తది సార్," అన్నాడు నవ్వుతూ. "దీనికి బర్రెను అప్పజెప్తిరి."

ఆ బర్రెను తెచ్చిన రోజు సంగతి ప్రమీలమ్మకు తెలుసు. చేవెళ్ల అంగడి నుంచి నడిపించుకొస్తుంటే మొయినాబాద్ దగ్గర బర్రె రోడ్డు మధ్యలో కూలబడింది. గచ్చిబౌలి పోయే సాఫ్ట్‌వేర్ కార్లు వెనక బారులు తీరి హారన్లు కొట్టాయి. ఒకతను అద్దం దించి తిట్టాడట. ఆ తిట్టు జంగయ్యకు పడలేదు. రోడ్డు పనివాళ్ల గడ్డపార తీసి, లేవమని బర్రె పక్కటెముకల మీద కొట్టాడు. అది లేవలేదు. ట్రాక్టర్‌లో వేస్తే దారిలోనే పోయింది. అప్పుడు పొద్దున ఏడు. దారిలో టైరు పంక్చరై కాలేజీకి చేరేసరికి పదకొండు.

బర్రెకు మత్తిచ్చి, గుండె ఆడుతుండగానే మెడ నరం కోసి, రక్తమంతా పోయాక ఆ నరంలోంచే మందు ఎక్కించాలి. అది పని పద్ధతి. ఆ రోజు డాక్టర్ పట్నంలో మీటింగులో ఉన్నాడు. బర్రె పోయిందని ప్రమీలమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ఎప్పుడు పోయింది?" అని ఫోన్లో అడిగాడు. పక్కన నిలబడిన జంగయ్య ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు.

"ఇప్పుడే సార్. దించుతుంటే పోయింది," అన్నది.

"అయితే ఆలస్యం చెయ్యకు, మొదలుపెట్టు."

చెవి పట్టుకుంటే అప్పటికే చల్లగా ఉంది. మెడ కోస్తే రక్తం ముద్దలుగా వచ్చింది. పైన డ్రమ్ములోంచి దిగిన మందు లోపలికి పోక వెనక్కి తన్నింది. అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ప్రమీలమ్మ కత్తి తీసుకుంది. బర్రె పక్కటెముకల మీద తోలు నిలువునా చీల్చి రెండు చేతులా వెనక్కి లాగింది. కింద మాంసం నల్లగా, పలకలు పలకలుగా కమిలి ఉంది. మూడు ఎముకలు విరిగి లోపలికి గుచ్చుకున్నాయి. అట్లాంటి మచ్చ ఆమె నడుము మీద కూడా ఉంది, నాలుగు రోజుల కిందటిది.

డాక్టర్ రుమాలు జేబులో పెట్టుకుని వంగాడు. "ఇది బతికుండంగ తగిలిన దెబ్బ. చచ్చినాక కొడితే రక్తం ఇట్ల పేరుకోదు."

ప్రమీలమ్మ మెడ దగ్గర కోసి, వేళ్లు పెట్టి గడ్డ కట్టిన రక్తాన్ని తాడులా బయటికి లాగింది. జానెడు పొడుగు.

"ఏడు గంటలకు చచ్చింది సార్. పదకొండుకు నేను అబద్ధం చెప్పిన. మందు పొట్ట దాకా పోలే. గుడ్డలు తడిపితే లోపలి కుళ్లు ఆగుతదా?"

"ఏందే కూస్తున్నవ్?" జంగయ్య రెండంగల్లో వచ్చి ఆమె కొప్పు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. నోట్లోకి రక్తమూ ఫార్మలిన్ ఘాటూ కలిసి దిగాయి. "జంగయ్యా, వదులు," అంటూ డాక్టర్ అతని భుజం పట్టుకున్నాడు. జంగయ్య ఒక్క విదిలింపుకు ఆయన వెళ్లి గోడకు తగిలాడు.

జంగయ్య మళ్లీ చెయ్యెత్తాడు. ఎముకలు విరగ్గొట్టే చెక్క సుత్తి బల్ల అంచున ఉంది. ప్రమీలమ్మ దాన్ని అందుకుని ఎత్తిన చేతి మీద కొట్టింది. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. రెండోసారి కూడా కొట్టింది. జంగయ్య మోకాళ్ల మీద కూలబడి చేతిని ఒడిలో పెట్టుకుని అరిచాడు. బర్రెల ముందుకాళ్లలోని ఆ ఎముకనే ఆమె తొమ్మిదేళ్లుగా తుడిచి అలమారలో పెడుతోంది. దాని పేరు రేడియస్ అని తెలుసు.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. కాలేజీ జీపు తెప్పించి జంగయ్యను ఎక్కించారు.

"నువ్వు గూడ దవాఖానకు పో," అన్నాడు డాక్టర్.

"నేను పోను సార్. నా కొలువు సంగతి చెప్పుండ్రి."

డాక్టర్ చీల్చిన తోలు వైపు, ఆమె నోటి వైపు చూశాడు. "అబద్ధం చెప్పినందుకు మెమో ఇస్త. తీసేస్త అంటే ప్రిన్సిపాల్‌తోని నేను మాట్లాడ్త. ఇగ మీద బర్రె బతికుంటేనే గేటు దాటాలె. అది చూసేది నువ్వే."

ప్రమీలమ్మ ఉమ్మింది. నేల మీద ఎర్రగా పడింది. గొట్టం విప్పి ముందు దాన్ని కడిగి, తర్వాత బల్ల కడగడం మొదలుపెట్టింది.