పదిహేడో నంబరు కడ్డీ

నేను ఒక నికెల్ మిశ్రమపు కడ్డీని. జానెడు పొడవు, బొటనవేలంత లావు. మామూలు లోహం లక్షల చిన్న స్ఫటికాల గుంపు. కొలిమి వేడిలో లాగితే ఆ గుంపు అతుకుల దగ్గరే తెగుతుంది. నాకు అతుకుల్లేవు. ఒళ్లంతా ఒకటే స్ఫటికం. విమానం ఇంజన్‌లో నిప్పుల మధ్య తిరిగే రెక్కలకు మా జాతే కావాలి.

నేను పుట్టింది హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో. భౌతిక శాస్త్రవేత్త హైమావతి పదకొండేళ్లు ఆ కొలిమి ముందే గడిపింది. కరిగిన లోహం అడుగు నుంచి మెల్లగా గడ్డకడుతుంటే, మెలి తిరిగిన సన్నటి దారిలోంచి, పోటీపడే స్ఫటికాల్లో ఒక్కదాన్నే పైకి రానివ్వడం ఆమె పద్ధతి. ఆ పోటీలో నెగ్గింది నేను. ఎక్స్‌రేలో ఒక్క లోపమూ కనబడలేదు. ఆ రోజు ఆమె భోజనం మర్చిపోయింది.

తర్వాత బలం కోసం నన్ను మళ్లీ కాల్చారు. సమీక్షా కమిటీ ఎదుట, స్ఫటికాల హద్దులు కంటికి కనబడేలా యాసిడ్‌లో ముంచి తీశారు. అంతే, నా ఒక కొసన పదుల కొద్దీ స్ఫటికాలు బయటపడ్డాయి.

కమిటీ అధ్యక్షుడు చక్రపాణి నన్ను వెలుతురులో తిప్పి చూశాడు. "ఒక్కటే అన్నారు హైమావతిగారూ. ఇక్కడ ఊరంతా కాపురముంది."

పరిశోధన మూసేయమన్నారు. ఆమె వారం గడువడిగింది.

మర్నాడే నా కొసను కోసి, నిలువునా చీల్చి, మైక్రోస్కోపు కింద పెట్టింది. కొత్త స్ఫటికాలు ఎక్కడపడితే అక్కడ లేవు. కొసన కొట్టిన 17 అనే అంకెల కిందే మొలిచాయి. వెంటనే కొలిమి చూసే సాయిలును పిలిచింది.

"నంబరు ఎప్పుడు కొట్టారు?"

"కాల్చకముందే మేడమ్. ఇరవై ఏండ్ల సంది గట్లనే కొడుతున్న. నంబర్ లేకుంటే స్టోర్ల ముట్టుకోరు గదా. ఏమన్న తప్పు జేసిన్నా?"

మామూలు లోహానికి ఆ సుత్తి దెబ్బ లెక్కలోది కాదు. నాకు మాత్రం దెబ్బ తిన్నచోటే, వేడి తగలగానే కొత్త స్ఫటికాలు లేచాయి. మనుషులింతే. పదకొండేళ్లు కష్టపడి ఒకదాన్ని సాధిస్తారు, సాధించగానే దానికో నంబరు గుద్దుతారు.

నా తర్వాత పోసిన కడ్డీకి ఇంకా నంబరు పడలేదు. సాయిలు దాని నంబరును పెట్టె మీద రాసి, కడ్డీని కొలిమిలో పెట్టాడు. వారం చివర కమిటీ ముందు యాసిడ్‌లోంచి తీసిందీ అతనే. కొస నుంచి కొస దాకా ఒకటే మెరుపు.

చక్రపాణి దాన్నీ వెలుతురులో తిప్పి చూశాడు. "మరి ఆ పదిహేడోదాంట్లో తప్పెవరిది?"

సాయిలు తల దించుకున్నాడు.

"సుత్తిది సార్," అంది హైమావతి. "దానికి సెలవిచ్చేశాం."

కొలిమి ఆగలేదు. తమ్ముళ్లు చాలామంది ఇంజన్లకు వెళ్లారు. నన్ను తుక్కులో వేయమని స్టోరు రెండుసార్లు మనిషిని పంపింది. తుక్కులో వేయాలన్నా రిజిస్టరు ప్రకారం నంబరు చూపించాలి. నా నంబరున్న కొస హైమావతి బీరువాలో ఉంది. అందుకే నేనిక్కడే, ఆమె బల్ల మీద, కాగితాలు ఎగరకుండా కూర్చున్నాను.